టేబుల్‌కి అవతల కూర్చున్న మనిషి

రాయపూర్ నుంచి సంబల్‌పూర్ వైపు సాగే 53వ నంబరు జాతీయ రహదారి మీద, మహానదికి కాస్త ఇవతల ఉంటుంది ఆరంగ్. 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం రైలు మార్గంలో ‘ఆరంగ్ మహానది’ పేరుతో ఒక స్టేషన్ కూడా ఉంది. ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో ఈ రైలు దారి పట్టుకునే రాయపూర్, భిలాయ్ చేరి స్థిరపడ్డాయి. ఇక్కడ వాదించుకునే ఇద్దరూ అలాంటి కుటుంబం వాళ్లే. మేనమామ భిలాయ్‌లో పుట్టి పెరిగి, ఆరంగ్‌లో ఒక రైస్ మిల్లు లెక్కలు చూస్తున్నాడు. మేనల్లుడు విశాఖ కుర్రాడు, ఇంజనీరింగ్ చదివాడు, ఉద్యోగం వదిలేసి పోకర్‌నే వృత్తిగా పెట్టుకున్నాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు నిషేధించాక, ఇక దేశాలు పట్టుకుని తిరుగుతూ ఆడాలా, మానేయాలా అన్న ప్రశ్నతో దీపావళికి మేనమామ ఇంటికి వచ్చాడు.

మావయ్య: లక్ష్మీపూజ అయ్యాక ఈ ఊళ్లో ఏ వీధికి వెళ్లినా పేక పంచుతూనే ఉంటారు. ఇక్కడి పత్రికలు దాన్ని ‘బావన్ పరీ’ అని రాస్తాయి. పండగ వారమంతా పోలీసు దాడుల వార్తలే. మనవైపు సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన గుండాట నడిచినట్టే అనుకో. కాబట్టి ఆట పేరు చెబితే ఉలిక్కిపడే మనిషిని కాను నేను. పండగపూట ఆడటం వేరు, ఇంట్లో పొయ్యి వెలగడానికి దాని మీదే ఆధారపడటం వేరు. నీతో నా పేచీ ఆ రెండోదాని గురించే.

మేనల్లుడు: ముందు ఆటకీ ఆటకీ తేడా ఒప్పుకోండి మావయ్యా. వీధిలో ఆడేది మూడు ముక్కలాట. నేను ఆడేది అది కాదు. ఈ తేడాను తేల్చిన కేసు మన తెలుగు నేల మీదే పుట్టింది. 1963 మే నెలలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. అక్కడ రమ్మీ ఆడుతున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి రమ్మీలో నైపుణ్యానిదే పెద్దపీట అని 1967 నవంబరులో కోర్టు చెప్పింది. మూడు ముక్కలాట మాత్రం వట్టి అదృష్టమే అని అదే తీర్పులో ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె.సత్యనారాయణ కేసు అంటే ఇప్పటికీ ప్రతి లాయరుకీ తెలుసు.

మావయ్య: తెలుసు. ఆ తర్వాతి సంగతులూ తెలుసు. పోకర్ నైపుణ్యమని నాగాలాండ్ చట్టమే చేసింది, జూదమని గుజరాత్ హైకోర్టు 2017లో తేల్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో మూసేశాయి. ఇప్పుడు ఢిల్లీ ఏం చేసిందంటే, నైపుణ్యమా అదృష్టమా అన్న లెక్కే తీసి పక్కన పెట్టింది. ఆన్‌లైన్‌లో డబ్బు ఆట నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాడికి శిక్ష లేదు. ఎందుకంటే వాణ్ని నష్టపోయినవాడిగా చూశారు. ఈ చివరి మాట నాకు ముఖ్యం. నీకు నైపుణ్యం ఉందంటే ఒప్పుకుంటాను. కాని ఆ నైపుణ్యం ఎవరి మీద వాడుతున్నావు? అదీ నేను అడిగేది.

మేనల్లుడు: చెప్తాను, ముందు పని ఎలా ఉంటుందో వినండి. చేతిలో రెండు ముక్కలు వస్తాయి. టేబుల్ మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు తెరుస్తారు. ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఇంకొకటి. ముక్క తెరిచిన ప్రతిసారీ పందెం కడతారు. రెండు ఆసులు కలిసి రావడమంటే 221 చేతులకు ఒకసారి వచ్చే అదృష్టం. ఎదుటివాడి దగ్గర రెండు రాజులుంటే, మన ఆసులు నూటికి ఎనభైకి పైగా గెలుస్తాయి. అంటే సుమారు ఐదింట ఒకసారి, ఏ తప్పూ చేయకుండానే ఓడిపోతాం. ఆ ఓటమిని తట్టుకునేంత మూలధనం పక్కన ఉండాలి. వరసగా కొన్ని నెలలు నష్టం వచ్చినా ఇంటి అద్దె ఆగకూడదు. ప్రతి పందెంలోనూ క్లబ్బు తన కోత తీసుకుంటుంది. నికర గెలుపు మీద ముప్పై శాతం పన్ను. 2023 అక్టోబరు నుంచి ఆన్‌లైన్‌లో వేసిన సొమ్ము మీద ఇరవై ఎనిమిది శాతం జీఎస్టీ ఉండేది. ఇవన్నీ పోను మిగలాలంటే రోజూ చదవాలి, ఆడిన చేతులు మళ్లీ తిరగేసుకోవాలి. నా దగ్గర ఒక పట్టిక ఉంది. ఏ ఊళ్లో, ఏ టేబుల్ మీద, ఎన్ని గంటలు, ఎంత పెట్టాను, ఎంత వచ్చింది, ఆ రోజు నేను చేసిన తప్పేమిటి, అన్నీ రాస్తాను. మీరు మిల్లులో రాసే లెక్కకేమీ తీసిపోదు.

మావయ్య: నీ శ్రద్ధను నేను తక్కువ చేయడం లేదురా. ఒక్క విషయం చెప్పు. మిల్లులోకి ధాన్యం వస్తుంది, బియ్యం, తవుడు, ఊక బయటికి పోతాయి. నీ టేబుల్ మీదికి పది మంది పది లక్షలు తెస్తే, వాళ్లు లేచేటప్పటికి ఎంత ఉంటుంది?

మేనల్లుడు: క్లబ్బు కోత పోను మిగిలింది.

మావయ్య: అంటే పది లక్షలకు తక్కువే. పెరిగేది ఏమీ లేదు. నీకు వచ్చిందంటే ఇంకొకడికి పోయిందన్నమాట. నీకంటే బాగా ఆడేవాడి దగ్గర నీకు రాదు. తెలియనివాడు, అలసిపోయినవాడు, సెలవుకొచ్చి రెండు పెగ్గులు వేసి కూర్చున్నవాడు, వీళ్ల దగ్గరే వస్తుంది. విదేశీ యాత్రికులు దిగే ఊళ్లు ఏరుకుని నువ్వు తిరిగేది అందుకేగా?

మేనల్లుడు: నేను వెళ్లే ఊళ్లలో మంచి టేబుళ్లు ఉంటాయి కాబట్టి వెళ్తాను. మంచి టేబుల్ అంటే నాకంటే బలహీనులున్నదే, దాచను. కాని మావయ్యా, మీరు ఎదుటివాణ్ని అమాయకుడిగానే ఊహిస్తున్నారు. 2003లో లాస్ వేగాస్ ప్రపంచ పోటీలో గెలిచింది ఎవరనుకున్నారు? టెనెసీ రాష్ట్రానికి చెందిన ఒక అకౌంటెంటు, క్రిస్ మనీమేకర్. మీలాగే లెక్కలు రాసుకునే మనిషి. ఇంటర్నెట్‌లో చిన్న పోటీ గెలిచి ఆ సీటు సంపాదించాడు. 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు పట్టుకెళ్లాడు. ఆ టేబుల్ మీద పేరుమోసిన వాళ్లంతా అతన్నే బలహీనుడనుకున్నారు.

మావయ్య: ఆ ఒక్కడి పేరు లోకమంతా చెప్పుకుంది. ఆ కథ విని ఉద్యోగాలు మానుకున్న వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

మేనల్లుడు: ఒప్పుకుంటాను. కాని ఆ టేబుల్ నాకు డబ్బుతో పాటు ఇంకొకటి కూడా ఇచ్చింది. బయటి దేశాల మనుషుల గురించి నాకున్న మూఢత్వాన్ని వదిలించింది. ఒక సంఘటన చెప్తాను. మనీలాలో ఆడుతున్నాను. ఎదురుగా అరవై దాటిన జపాన్ ఆవిడ, నోట మాట లేదు. నా చేతిలో ఆసు, రాజు. మధ్యలో రాజు, తొమ్మిది, నాలుగు తెరుచుకున్నాయి. రాజూ తొమ్మిదీ ఇస్పేటు. నేను పందెం వేశాను, ఆవిడ సరే అంది. తర్వాత రెండు పడింది. మళ్లీ వేశాను, మళ్లీ సరే అంది. ఆఖరి ముక్క ఆఠీను జాకీ. అప్పటిదాకా మెదలకుండా కూర్చున్న ఆవిడ ముందున్న చిప్స్ అన్నీ మధ్యలోకి నెట్టింది. ఇంత వయసున్న ఆడమనిషి, అందులోనూ జపాన్ మనిషి, చేతిలో ఏమీ లేకుండా ఇంత సాహసం చేయదని నా బుర్ర చెప్పింది. ముక్కలు పడేశాను. ఆవిడ తనవి తిప్పి చూపించింది. ఇస్పేటు ఏడు, ఇస్పేటు ఆరు. మూడో ఇస్పేటు రాలేదు కాబట్టి చేతిలో ఏమీ లేనట్టే. నేను డబ్బు పోగొట్టుకున్నది ముక్కల వల్ల కాదు, ఆవిడ గురించి ముందే కట్టుకున్న అభిప్రాయం వల్ల. మామూలు యాత్రికుడు ‘ఆ దేశం వాళ్లు ఇలాంటివాళ్లు’ అనుకుంటూ వెళ్తాడు, అలాగే అనుకుంటూ తిరిగొస్తాడు. ఆ అభిప్రాయం తప్పైనా అతనికి పోయేదేమీ లేదు. నాకు అదే నిమిషంలో జేబు ఖాళీ అవుతుంది. అందుకే ఎవరి గురించైనా తొందరపడి ఒక అంచనాకి రావడం మానుకున్నాను. ఏ యాత్ర నేర్పుతుంది ఇంత గట్టిగా?

మావయ్య: బాగా చెప్పావు. అడగనా మరి? ఆవిడ ఏ ఊరు? ఏం పని చేసేది? ఆ వయసులో అక్కడికి ఒంటరిగా ఎందుకొచ్చింది?

మేనల్లుడు: తెలియదు.

మావయ్య: నీ పట్టికలో ఆవిడ గురించి ఏం రాశావు?

మేనల్లుడు: ‘పెద్దావిడ, ఏమీ లేకపోయినా వేస్తుంది, ఈసారి చూడాలి.’

మావయ్య: అదీ. నీ అంచనా సరిదిద్దుకున్నావు. ఆవిడ నీకు దగ్గరేమీ కాలేదు. మా నాన్న సంగతి విను. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక భిలాయ్ ప్లాంటు మొదలైంది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. నాన్న స్టీల్ మెల్టింగ్ షాపులో కుర్ర కార్మికుడు. అప్పట్లో ఓపెన్ హార్త్ కొలుముల్లోనే ఉక్కు కరిగించేవాళ్లు. లోపల ఉక్కు ఎంత కాగిందో మామూలు కంటితో చూడలేరు, నీలం అద్దం అడ్డం పెట్టుకుని రంగును బట్టి పోల్చుకోవాలి. నాన్నతో పనిచేసిన రష్యన్ సాంకేతికుడికి హిందీ రాదు, నాన్నకి రష్యన్ రాదు. ఆయన తన నీలం అద్దం నాన్న కళ్లకి పెట్టి, భుజం పట్టుకుని, సరిగ్గా ఏ రంగు దగ్గర ఆగాలో రోజుల తరబడి చూపించాడు. తనకి కనిపించేది పక్కవాడికీ కనిపించాలన్నదే ఆయన తాపత్రయం. నీ టేబుల్ మీద నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంటారు, నీ కళ్లు ఎదుటివాడికి కనిపించకూడదని. పరాయివాడితో నీకున్న సంబంధం ఎలాంటిదో నాకు దీన్నిబట్టే తెలుస్తుంది. ఎన్ని దేశాలు తిరిగావన్నది తర్వాతి మాట. అక్కడి మనిషితో నీకు ఏం అవసరం పడింది? ఆ అవసరాన్ని బట్టే ఆ మనిషి నీకు కనిపిస్తాడు.

మేనల్లుడు: తాతయ్య కథ నాకూ గర్వమే. కాని పని చేసే చోటల్లా పరాయివాణ్ని అలా చూస్తారా మావయ్యా? ఈ రైలు లైన్లోనే కాంతాబాంజీ నుంచి, టిట్లాగఢ్ నుంచి ఒడిశాలోని బలంగీర్ కూలీలు పిల్లాపాపలతో రైలెక్కి తెలంగాణ ఇటుక బట్టీలకు వెళ్తారు. ముందే తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా అక్కడి నుంచి కదలలేరు. ఇటుకలు కాల్చడం గౌరవమైన పనే, యజమానిదీ గౌరవమైన వ్యాపారమే. ఆ కూలీలు పరాయి రాష్ట్రం వాళ్లు కాబట్టే, భాష రాదు కాబట్టే యజమానికి అంత అనుకూలం. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడిమధ్యలో, ములుగు వైపు మిరప తోటల్లో పనిచేసిన బీజాపూర్ జిల్లా పాప ఇంటికి నడుచుకుంటూ వెళ్తూ దారిలో చనిపోయింది. పన్నెండేళ్ల పిల్ల. మన తెలుగు నేల మీదికి కూలికి వచ్చిన ఈ ఛత్తీస్‌గఢ్ పిల్ల మనకి ఏమైంది? నా టేబుల్ మీద కూర్చున్నవాడు తనంతట తాను వచ్చి కూర్చుంటాడు. నియమాలు ఇద్దరికీ ఒకటే. ఇష్టం లేకపోతే లేచి వెళ్లొచ్చు. బట్టీ కూలీకి ఆ వీలుందా?

మావయ్య: లేదు. బట్టీని నేను వెనకేసుకు రావడం లేదురా. కష్టం అన్న పేరుంటే చాలు, పని పవిత్రమైపోతుందని నేను అనను. పరాయివాడి నిస్సహాయత మీద లాభం చూసుకునే పని ఏదైనా నాకు ఒకటే. అది బట్టీ అయినా తోట అయినా టేబుల్ అయినా. కాకపోతే బట్టీ యజమాని దోషం చూపించి నీ టేబుల్‌కి మార్కులు వేయకు.

మేనల్లుడు: మార్కులు అడగడం లేదు. ఒకే తక్కెడలో తూచమంటున్నాను. నా ఎదుట కూర్చున్నవాడు నిస్సహాయుడు కాడు. సినిమా టికెట్టు కొన్నట్టే సరదాకి డబ్బు పెడతాడు.

మావయ్య: అలాంటప్పుడు ప్రభుత్వాలు తమ మనుషుల్ని ఆ సరదాకి ఎందుకు రానివ్వవు? గోవాలో మాండవి నది మీద కాసినో పడవలున్నాయి. 2020 ఫిబ్రవరి 1 నుంచి గోవా వాళ్లకే అందులో జూదం ఆడటానికి ప్రవేశం లేదు. నేపాల్ కాసినోల్లో నేపాలీ పౌరుడు ఆడకూడదు. కంబోడియాలో కంబోడియా వాడు ఆడకూడదు. సింగపూర్‌లో పౌరుడు ఒక రోజు ప్రవేశానికి 150 డాలర్లు కట్టాలి, విదేశీయుడికి ఉచితం. మొనాకో దేశమంటేనే కాసినో, అక్కడా సొంత పౌరుణ్ని ఆడనివ్వరు. ఇది సరదా అయితే సొంత బిడ్డని గుమ్మం బయట నిలబెట్టి పరాయి బిడ్డని లోపలికి పిలుస్తారా? నష్టం వస్తుందని వాళ్లకి తెలుసు. ఆ నష్టం బయటివాడి ఇంటికి పోతే చాలనుకున్నారు. విదేశీయుడంటే వాళ్లకి ఏమిటో ఆ ఒక్క నియమం చాలు చెప్పడానికి.

మేనల్లుడు: ఆ నియమం తప్పే. కాని అది ప్రభుత్వం గుమ్మం దగ్గర పెట్టిన నియమం. లోపల టేబుల్ మీద అది చెల్లదు. లాస్ వేగాస్‌లో ప్రపంచ పోటీలో డబ్బు గెలిస్తే కౌంటరు దగ్గర పాస్‌పోర్టు చూస్తారు. బ్రిటన్ వాడికి, జపాన్ వాడికి పన్ను ఒప్పందం ఉంది, మొత్తం చేతిలో పెడతారు. భారతీయుడికి అలాంటి మినహాయింపు లేదు, ముప్పై శాతం అక్కడే కోస్తారు. అదే హాలులో, పది అడుగుల దూరంలో, టేబుల్ మీద మా అందరికీ ఒకే పేక, ఒకే పందెం. నా రంగు, నా యాస, నా కులం, నా పాస్‌పోర్టు అక్కడ ఎవరూ అడగరు. మావయ్యా, విశాఖలో ఇల్లు అద్దెకి అడిగితే ముందు కులం అడుగుతారు. ప్రపంచంలో నన్ను ఏమీ అడగకుండా కూర్చోనిచ్చిన చోటు అదొక్కటే. దాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి.

మావయ్య: కొట్టిపారేయను. అడగకుండా కూర్చోనివ్వడం పెద్ద విషయమే. కాని నువ్వెవరని అడగనక్కర్లేకుండా పోవడమూ, అడగాలని ఎవరికీ అనిపించకపోవడమూ రెండూ ఒకటి కావు. అక్కడ నీ డబ్బు మంచిదైతే చాలు.

మేనల్లుడు: మరి డబ్బు ప్రమేయం లేని చోట పరాయివాణ్ని బాగా చూస్తారా? మీ ఆరంగ్ సంగతే తీసుకోండి. మోరధ్వజ మహారాజు ఊరు అంటారు ఇక్కడివాళ్లు. ముక్కూ మొహం తెలియని అతిథులు వచ్చి సింహానికి ఆహారం అడిగితే, కన్నకొడుకునే రంపంతో కోసి ఇవ్వడానికి సిద్ధపడ్డాడట. అదే ఊరి దగ్గర 2024 జూన్ 7 తెల్లవారుజామున ఏం జరిగింది? ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ముగ్గురు లారీలో గేదెల్ని తీసుకెళ్తుంటే కొందరు వెంటాడారు. ఆ ముగ్గురూ మహానది వంతెన కింద పడి దొరికారు. ఇద్దరు ఆ రోజే పోయారు, మూడోవాడు అదే నెలలో ఆసుపత్రిలో ప్రాణం వదిలాడు. పరాయివాళ్లు ఏ టేబుల్ మీదా ఇలా చావలేదు.

మావయ్య: ఆ వంతెన మీదుగా వెళ్లిన ప్రతిసారీ నాకు గుర్తొస్తుంది. నువ్వు గుర్తు చేయడం న్యాయమే. కాని అది నా మాటనే బలపరుస్తోంది చూడు. ఈ రోడ్డు ముంబై నుంచి కోల్‌కతా పోయే దారి. పగలూ రాత్రీ అన్ని రాష్ట్రాల లారీలూ ఇక్కడ ఆగుతాయి, డ్రైవర్లు ఇక్కడే తింటారు. పరాయివాణ్ని రోజూ చూస్తూ ఉంటే భయం, ద్వేషం వాటంతట అవే పోతాయంటే, ఈ రోడ్డు పక్క ఊళ్లలో ఎప్పుడో పోయి ఉండాలి. చూడటం చాలదు, తిరగడం చాలదు, ఒకే టేబుల్ దగ్గర కూర్చోవడమూ చాలదు. ఆ మనిషికి ఏమైనా అయితే మన మీద బాధ్యత ఉందనిపించాలి.

మేనల్లుడు: ఆ బాధ్యత నాకు ప్రయాణంలోనే తెలిసింది. అయితే మీరన్నది నిజమే, అది టేబుల్ మీద తెలియలేదు. కాఠ్మండూలో ఒక డీలరు అమ్మాయి పరిచయమైంది. రాత్రంతా మాకు ముక్కలు పంచుతుంది. అంత వేగంగా, అంత శుభ్రంగా పంచేవాళ్లని నేను ఎక్కడా చూడలేదు. ప్రతి చేతిలో ఎవరు గెలుస్తారో మాకంటే ముందే తెలిసిపోతుంది ఆమెకి. కాని ఆమె దేశంలో, ఆమె పనిచేసే హాలులో, ఆ కుర్చీలో కూర్చునే హక్కు ఆమెకి లేదు. తెల్లారి టీ తాగుతూ ఆమె అడిగింది, ‘మీ దేశంలో మీరు ఆడకూడదట కదా, అందుకే మా దేశం వచ్చారా?’ అని. నా దగ్గర జవాబు లేదు. వీసా కౌంటర్ల దగ్గర ‘ఆదాయం ఎక్కడిది?’ అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు ఉండదే, అలా. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం పెద్ద పోకర్ సైట్ల మీద పడ్డప్పుడు అక్కడి ఆటగాళ్లు కెనడాకీ మెక్సికోకీ మూటాముల్లే సర్దుకున్నారు. ఇప్పుడు మా వంతు. వెళ్లిన చోటల్లా నేనే పరాయివాణ్ని. అప్పటి నుంచి మా అపార్టుమెంటు పక్క సైట్లో పనిచేసే ఒడిశా కుర్రాళ్లని చూస్తే ఆగి పలకరించాలనిపిస్తోంది. ఇదివరకు వాళ్లు నా కంటికి ఆనేవాళ్లు కాదు.

మావయ్య: ఈ మాట కోసమే ఇంతసేపు వాదించానేమో. ఆ అమ్మాయి అడిగింది, నువ్వు విన్నావు. అక్కడ నువ్వు గెలవాల్సింది ఏమీ లేదు కాబట్టి వినగలిగావు.

మేనల్లుడు: ఆట లేకపోతే నేను అక్కడ ఉండేవాణ్నే కాదు.

మావయ్య: అదీ నిజమే. సరే, మనం తేల్చుకోవాల్సిన దగ్గరికి వద్దాం. ఆన్‌లైన్ ఆట సంగతేమిటి? అక్కడ నీకు ఎదుటివాడి మొహం కూడా కనిపించదుగా.

మేనల్లుడు: కనిపించదు. తెర మీద ఒక మారుపేరు ఉంటుంది. అది బెంగళూరు వ్యాపారిదో, అనకాపల్లిలో ఈఎంఐ ఎగ్గొట్టి ఆడుతున్న కుర్రాడిదో నాకు తెలిసే దారి లేదు. ఒకేసారి ఆరేడు టేబుళ్లు తెరిచి ఆడేవాణ్ని. మారుపేరు పక్కన ఒక రంగు చుక్క పెట్టుకుంటాం, వీడి దగ్గర వస్తుంది, వీడి దగ్గర రాదు అని. చట్టం వచ్చి నా బతుకు మీద దెబ్బ కొట్టిందన్న కోపం ఇంకా ఉంది. పన్ను కట్టి, లెక్క చూపించి బతికినవాణ్ని, ఒక్క వారంలో రోడ్డు మీద నిలబెట్టారు. కాని ఆ రంగు చుక్కల్ని సమర్థించమంటే నా వల్ల కాదు. ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆటనైతే సమర్థిస్తాను. అక్కడ మనిషి చెయ్యి వణికితే కనిపిస్తుంది.

మావయ్య: వణికితే ఏం చేస్తావు?

మేనల్లుడు: నిజం చెప్పమంటారా?

మావయ్య: అందుకే కదా అడిగాను.

మేనల్లుడు: పందెం పెంచుతాను.

మావయ్య: ఒకడు తెచ్చుకున్నది పోయాక లేచి వెళ్లి మళ్లీ ఏటీఎం నుంచి డబ్బు తెచ్చి కూర్చున్నాడు. ఇక ఆ మనిషి సరదాకి ఆడటం లేదని నీకు తెలుసు. అప్పుడు నువ్వు లేచి వచ్చేస్తావా?

మేనల్లుడు: అలా లేస్తే నాకు బతుకుదెరువు ఉండదు మావయ్యా. బాగా ఆడేవాళ్ల మధ్య నాకు మిగిలేది దాదాపు సున్నా. ఆ రెండోసారి తెచ్చుకున్న డబ్బే నా నెల జీతం. ఈ వృత్తిలో ఉన్న ఎవరినైనా అడగండి, నిజాయితీపరుడైతే ఇదే చెప్తాడు.

మావయ్య: ఈ మాట నువ్వే అన్నావు. ఇక పైన నేను తర్కం చేయను. ఒక పద్ధతి చెప్తాను. నీ పట్టికలో ఇంకో గడి పెట్టు. గెలిచిన డబ్బు ఎవరి దగ్గర వచ్చింది, అది పోయినా ఆ మనిషికి ఇబ్బంది లేదని నీకు అనిపించిందా, రాసుకో. ఇబ్బంది ఉందనిపించిన చోట లేచిపో. ఒక ఏడాది చెయ్యి. అలా చేశాక కూడా ఇల్లు గడిచిందంటే దాన్ని నేను వృత్తి అనే అంటాను, మీ అమ్మతో నేనే మాట్లాడతాను. గడవలేదంటే నువ్వు ఇన్నాళ్లూ దేని మీద బతికావో నీ లెక్కే నీకు చెప్తుంది.

మేనల్లుడు: చాలా కఠినమైన షరతు. లోకంలో ఏ వ్యాపారికీ ఈ షరతు పెట్టరు.

మావయ్య: పెట్టరు. పెట్టాలి.

మేనల్లుడు: అయితే ముందు మీకే పెడతాను. మీ మిల్లులో బస్తాలు మోసే హమాలీలు బీహార్ వాళ్లు కదా. లెక్క ఎవరి పేరు మీద రాస్తారు?

మావయ్య: వాళ్ల ముఠా పెద్ద, ముకద్దం పేరు మీద. ముఠాకి ఇంత అని ఇచ్చేస్తాం, పంచుకోవడం వాళ్ల ఇష్టం.

మేనల్లుడు: అందులో ఎవరికి ఎంత చేరుతుందో మీకు తెలుసా? ఎవరైనా జబ్బు పడితే, ఎవరైనా ముకద్దానికి బాకీ పడి ఇంటికి వెళ్లలేకపోతే, మీ పుస్తకంలో కనిపిస్తుందా? వాళ్లని రోజూ చూస్తారు మీరు. చూడటం చాలదని ఇందాక మీరే అన్నారు. నా పట్టికలో ఒక గడి పెడితే మీ పుస్తకంలోనూ ఒకటి పెట్టాలి.

మావయ్య: అడగాల్సిన మాటే అడిగావు. ఒక్కొక్కరి పేరూ, ఒక్కొక్కరి కూలీ విడిగా రాస్తే యజమాని ఒప్పుకోడు, ముకద్దం అసలే ఒప్పుకోడు. నవంబరులో ధాన్యం కొనుగోళ్లు మొదలవగానే ముఠాలు దిగుతాయి. యజమానితో మాట్లాడతాను. ఆయన కాదంటే నా సొంత పుస్తకంలోనైనా పేర్లు రాస్తాను. నువ్వు నీది రాయి. వచ్చే దీపావళికి రెండు పుస్తకాలూ ఇక్కడే తెరుద్దాం.

మేనల్లుడు: ఏడాది గడిచాక నాది తప్పని తేలితే మానేస్తాను. మీది తప్పని తేలితే?

మావయ్య: నేనూ వేరే మిల్లు వెతుక్కుంటాను.